మాటలు వినబడటం ఆగింది కానీ తమ్ముడు మంచం దిగడం లేదు: ఇది పాత జబ్బేనా, ఇంకొకటా?

పెన్నా_అక్క
మా తమ్ముడికి 21 ఏళ్లు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతుండగా, పక్క మంచం అబ్బాయి ఫోన్ కెమెరాతో తనను కనిపెడుతున్నాడని, మెస్సులో అన్నంలో ఏదో కలుపుతున్నారని అనడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు, గదిలో ఎవరూ లేకపోయినా ఇద్దరు మనుషులు తన గురించి మాట్లాడుకోవడం వినబడుతోందని చెప్పాడు. ఇంటికి తీసుకొచ్చాక పెద్దవాళ్లు దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఆ తరువాత సైకియాట్రిస్టు దగ్గరకు వెళితే ఇది సైకోసిస్ (లేని మాటలు వినబడటం, లేని అనుమానాలు నిజమని నమ్మడం) అని చెప్పి రిస్పెరిడోన్ రాశారు. మందు పనిచేసింది. మాటలు వినబడటం ఆగింది, కెమెరా సంగతి ఎత్తితే తానే సిగ్గుపడుతున్నాడు.

ఇప్పుడు వచ్చిన కష్టం వేరు. రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటాడు. స్నానానికి లేవడు కానీ, లేచినప్పుడు మాత్రం చేతులు తెల్లగా పాలిపోయేదాకా కడుగుతూనే ఉంటాడు. "నా చదువుకు చేసిన అప్పు నాన్న ఎప్పటికి తీరుస్తాడు" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. హాస్టల్లో గంజాయి తాగేవాడని ఈమధ్యే తెలిసింది, ఇప్పటికీ అప్పుడప్పుడు స్నేహితుల దగ్గరకు వెళ్లి వస్తున్నాడని నా అనుమానం. ఓపీలో చెబితే "ఈ జబ్బులో ఇంతే, నిదానంగా కుదుటపడతాడు" అని అవే మందులు రాసి పంపించారు. డీ-అడిక్షన్ సెంటర్ వాళ్లు ముందు మానసిక జబ్బు నయం చేయించుకుని రమ్మన్నారు. ఇంకో డాక్టరు ముందు గంజాయి మానిపించి తీసుకురమ్మన్నారు. ఇవన్నీ ఒకే జబ్బు తాలూకు ముక్కలా, లేక ఒకదాని పక్కన ఇంకొకటి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వాల్తేరు_వాసి
ఒకదాని పక్కన ఇంకొకటి ఉండటం చాలా మామూలు విషయం. మా బావమరిదికి సైకోసిస్ తగ్గిన తరువాత డిప్రెషన్ ఉందని ఇంకో డాక్టరు గుర్తించేదాకా ఇంట్లో అందరం అతన్ని బద్ధకస్తుడని అనుకున్నాం. కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నవాడికి మలేరియా వస్తే ముందు ఎముక అతకనివ్వండి అని ఎవరూ అనరు కదా. మనసు జబ్బుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒకటి తేలాకే రెండోది చూస్తామంటారు.

వార్డు_దీపం
నేను మానసిక వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. అక్కా, మీ తమ్ముడు మంచం దిగకపోవడానికి కారణాలు కనీసం నాలుగు ఉండవచ్చు, దూరం నుంచి చూస్తే అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది, సైకోసిస్‌లోనే భాగంగా ఉత్సాహం, చొరవ, మాట, ముఖంలో భావం తగ్గిపోవడం. రెండోది డిప్రెషన్. మూడోది మందు వల్ల వచ్చే మత్తు. నాలుగోది, లోపల ఇంకా మిగిలి ఉండి బయటికి చెప్పని భయం.

మొదటిదానికీ రెండోదానికీ తేడా మంచం పక్కన కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది. చొరవ తగ్గిన మనిషిని "బాధగా ఉందా" అని అడిగితే చాలాసార్లు "ఏమీ లేదు" అంటాడు, ఆ మాటలో నిజంగానే బాధ కనిపించదు. డిప్రెషన్ ఉన్న మనిషి తనను తాను నిందించుకుంటాడు, తెల్లవారుజామునే మెలకువ వచ్చేసి పొద్దున్నపూట మరీ కుంగిపోయి ఉంటాడు, రేపటి మీద ఆశ లేదంటాడు. మీ తమ్ముడు నాన్నగారి అప్పు గురించి అడుగుతున్న తీరు నాకు రెండోదాని వైపే చూపిస్తోంది, అయితే ఆ నిర్ణయం డాక్టరుదే. ఈ తేడా పట్టుకోవడం కోసమే కెనడాలోని కాల్గరీలో 1990లో తొమ్మిది అంశాల ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. కాల్గరీ డిప్రెషన్ స్కేల్ అంటే సైకియాట్రిస్టులకు తెలుస్తుంది. దానితో ఒకసారి చూడమని అడగడంలో తప్పు లేదు.

ఎర్రమట్టి
నేను దీనితో పూర్తిగా ఏకీభవించలేను. మా పెదనాన్న కొడుక్కి మొదట ఒకే జబ్బు అన్నారు. తరువాత డిప్రెషన్ అన్నారు, ఆందోళన అన్నారు, ఓసీడీ (వద్దనుకున్నా ఒకే ఆలోచన రావడం, ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం) అన్నారు, ప్రతి పేరుకూ ఒక మాత్ర చేరింది. చివరికి మందుల డబ్బా నిండిపోయి, అతను నోరు తెరిచి మాట్లాడటమే కష్టమైపోయింది. కొత్త పేరు పెట్టించుకుంటే కొత్త మందు వస్తుంది తప్ప మనిషి బాగుపడడు. కాస్త ఓపిక పట్టమనడం కూడా వైద్యమే.

వెన్నెల_నీడ
ఎర్రమట్టి గారూ, నాకే ఈ జబ్బు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీ బాధ నాకు అర్థమైంది, మందుల గుట్ట నిజమైన సమస్యే. కానీ ఓపిక పట్టమన్న మాట వింటూ నేను బతకడం మీద ఆశ వదులుకునే స్థితికి వచ్చాను. మాటలు వినబడుతున్నంత కాలం నాకు భయం ఉండేది, ఆ భయంతో పోరాడుతూ ఉండేదాన్ని. అవి ఆగాక ఏం జరిగిందో అర్థమైంది. క్లాసులో అందరి ముందూ నేను ఏం అరిచానో, అమ్మను ఏ మాట అన్నానో, ఎవరెవరు చూశారో గుర్తుకొచ్చింది. ఇంట్లోవాళ్లు "బాగైపోయింది" అని దేవుడికి మొక్కు తీరుస్తున్న రోజుల్లోనే నేను అన్నిటికంటే ప్రమాదంలో ఉన్నాను, ఆ సంగతి ఎవరూ అడగలేదు.

పెన్నా_అక్క గారూ, మీ తమ్ముణ్ని నేరుగా అడగండి. "చనిపోవాలని అనిపిస్తోందా" అని ఆ మాటతోనే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన ఇళ్లలో భయపడతారు, అది నిజం కాదు. నన్ను ఒక హౌస్ సర్జన్ అమ్మాయి అడిగినప్పుడు నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది.

పీజీ_రెండో_ఏడు
నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. వెన్నెల_నీడ గారు చెప్పినది మా పాఠ్యపుస్తకాలు చెప్పేదే. స్కిజోఫ్రెనియా (సైకోసిస్ దీర్ఘకాలం ఉండే జబ్బు) ఉన్నవారిలో జీవితకాలం మొత్తంలో ఆత్మహత్య వల్ల మరణించేవారు సుమారు 5 శాతం, అందులోనూ ఎక్కువ మరణాలు జబ్బు మొదలైన తొలి ఏళ్లలోనే జరుగుతాయి. అందుకే "మాటలు ఆగాయి కదా" అని నిశ్చింతగా ఉండకూడదు.

మిగతా అంకెలు కూడా చెబుతాను. స్కిజోఫ్రెనియా, దానికి దగ్గరి జబ్బులు ఉన్నవారిలో ఆందోళనకు సంబంధించిన రుగ్మతలు ఎంతమందికి ఉన్నాయని అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కవేసిన సమీక్ష ఒకటి 2011లో వెలువడింది. దాని ప్రకారం నలుగురిలో తిరగాలంటే విపరీతమైన భయం దాదాపు 15 శాతం మందిలో, ఓసీడీ 12 శాతం మందిలో, మనసుకు తగిలిన గాయం తాలూకు ఒత్తిడి రుగ్మత కూడా 12 శాతం మందిలో, ఎడతెగని ఆందోళన 11 శాతం మందిలో, పానిక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే భయం) దాదాపు 10 శాతం మందిలో ఉన్నాయి. గంజాయికి అలవాటుపడి దాని వల్ల నష్టపోతున్నవారు సుమారు నాలుగోవంతు మంది ఉంటారని మరో సమీక్ష తేల్చింది. ఒకే మనిషిలో ఇవి రెండు మూడు ఉండవచ్చు. కాబట్టి మీ తమ్ముడిలో చేతులు కడగడం, కుంగుబాటు, గంజాయి మూడూ కనిపించడం అరుదైన సంగతేమీ కాదు.

ఎర్రమట్టి
అంకెలు బాగానే ఉన్నాయి. ఓపీలో వంద మంది క్యూలో ఉన్నప్పుడు ఇవన్నీ ఎవరు అడుగుతారు?

పీజీ_రెండో_ఏడు
ఆ ప్రశ్న న్యాయమైనదే, నేను కూర్చునే ఓపీ కూడా అలాంటిదే. అందుకే ఇంట్లోవాళ్లు ఒక కాగితం మీద రాసి తెస్తే మాకు ఎంతో మేలు. ఏ లక్షణం ఏ నెలలో మొదలైంది, మందు మొదలుపెట్టకముందా తరువాతా, మోతాదు పెంచిన తరువాతా, గంజాయి తాగిన రోజుల్లోనా మానిన రోజుల్లోనా అన్నది వరుసగా రాసి ఉంటే, గంటసేపు అడిగినా రాని సమాచారం క్షణాల్లో నా చేతికి వస్తుంది. రోగ నిర్ధారణలో సగం ఆ వరుసలోనే ఉంటుంది.

ఎర్రమట్టి గారు చెప్పిన మందుల గుట్ట గురించి కూడా ఒక మాట. రెండో జబ్బును గుర్తించడం అంటే రెండో మాత్ర చేర్చడమే కానక్కర లేదు. ఒక్కోసారి ఉన్న మందు తగ్గించడమే దానికి వైద్యం, ఒక్కోసారి కౌన్సెలింగ్. డిప్రెషన్ మాత్రలు సైకోసిస్ మందుకు తోడుగా ఇచ్చినప్పుడు కొంత మేలు చేస్తాయి, అందరికీ ఒకేలా కాదు. పైగా అసలు జబ్బు బైపోలార్ (కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు ఉన్మాదం వచ్చేది) అయితే ఆ మాత్రలే ఉన్మాదాన్ని రెచ్చగొట్టగలవు. అందుకే ముందు పేరు సరిగా తేలాలి. పేరు తేలకుండా రాసిన మందులే గుట్టగా పేరుకుంటాయి.

మందుల_చీటీ
నాకు మెడికల్ షాపు ఉంది, మానసిక జబ్బుల చీటీలు రోజూ చూస్తాను. అక్కా, మీ తమ్ముడు పడుకునే ఉంటున్నాడన్నారు. మంచం మీద కాళ్లు ఆడిస్తూ ఉంటాడా? నిలబడినప్పుడు బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుస్తుంటాడా? ఒంట్లో ఏదో తరుముతున్నట్లుందని, నిలవలేకపోతున్నానని ఎప్పుడైనా అన్నాడా? రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ లాంటి మందులతో కొందరికి ఇలా అవుతుంది. దాన్ని అకథీసియా అంటారు. చూసినవాళ్లు దాన్ని ఆందోళన అనుకుంటారు, లేదా జబ్బు తిరగబెట్టిందనుకుని అదే మందు మోతాదు పెంచుతారు, అప్పుడు అది ఇంకా ముదురుతుంది. ఆ బాధ భరించలేక మందే మానేసినవారిని చూశాను. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనలాల్ అనే మాత్ర ఇవ్వడం లాంటి దారులు డాక్టర్లకు ఉన్నాయి. మీరుగా మందు ఆపవద్దు.

పెన్నా_అక్క
ఇది చదివి గదిలోకి వెళ్లి చూశాను. మోకాళ్లు ఆగకుండా ఊగుతున్నాయి. చలి అనుకుని దుప్పటి కప్పుతూ వచ్చాం. ఎప్పటి నుంచి అని అడిగితే, మోతాదు పెంచినప్పటి నుంచి అన్నాడు. రేపే ఫోన్ చేసి డాక్టరుకు చెబుతాను.

గోదారి_గట్టు
మా అబ్బాయికి క్లోజపిన్ ఇస్తున్నారు. వేరే రెండు మందులకూ లొంగని సైకోసిస్ దానికి లొంగింది, ఆ మందుకు మేము రుణపడి ఉన్నాం. అయితే కొన్నాళ్లకు తలుపు గడియ మళ్లీ మళ్లీ చూసుకోవడం, లెక్కపెట్టడం మొదలైంది. క్లోజపిన్ వాడే కొందరిలో ఓసీడీ లక్షణాలు కొత్తగా వస్తాయని డాక్టరు వివరించారు. మోతాదు కొంచెం తగ్గించి, కౌన్సెలింగులో గడియ ఒక్కసారే చూసి వచ్చే సాధన చేయించారు. మీ తమ్ముడికి చేతులు కడగడం సైకోసిస్‌కు ముందు నుంచీ ఉందా?

పెన్నా_అక్క
ఇంటర్ చదివేటప్పుడే కొంచెం ఉండేది. శుభ్రత ఎక్కువనుకుని అమ్మ మురిసిపోయేది.

పీజీ_రెండో_ఏడు
ఈ సమాచారం చాలా విలువైనది, తప్పక కాగితంలో రాయండి. ఇంకొకటి మెల్లగా అడగండి. కడగాలన్నది తన మనసుకు తోచిన ఆలోచనేనా, అర్థం లేదని తెలిసినా ఆగలేకపోతున్నాడా? లేక ఎవరో కడగమని ఆజ్ఞాపిస్తున్నారా, అన్నంలో కలిపిన విషం చేతికి అంటిందని నమ్ముతున్నాడా? మొదటిదైతే ఓసీడీ వైపు, రెండోదైతే సైకోసిస్ వైపు ఆలోచిస్తాం. రెండింటికీ మధ్యలో ఉండేవారూ ఉన్నారు, అప్పుడు కాలమే తేలుస్తుంది.

సీమ_నుంచి
అందరూ అసలు సంగతి వదిలేస్తున్నారు. గంజాయి తాగాడు, మతి చెడింది. గంజాయి మానితే అన్నీ సర్దుకుంటాయి. మిగతా పేర్లన్నీ అనవసరం.

పాలమూరు_మాస్టారు
గంజాయిని తక్కువ చేసి చూడమని ఎవరూ అనడం లేదు. యూరప్ నగరాల్లోనూ బ్రెజిల్‌లోనూ చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజూ గంజాయి తాగేవారిలో సైకోసిస్ వచ్చే అవకాశం, ఎన్నడూ తాగనివారితో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉందని, ఘాటు ఎక్కువైన రకం రోజూ తాగితే దాదాపు అయిదు రెట్లని అందులో తేలింది. అయినా తాగినవారిలో అధికశాతానికి సైకోసిస్ రాదు, సైకోసిస్ వచ్చినవారిలో ఎందరో దాన్ని ముట్టనే లేదు. మానిన తరువాత నెల దాటినా లక్షణాలు అలాగే ఉంటే అది కేవలం మత్తు వల్ల వచ్చినది అనడానికి వీల్లేదని డాక్టర్లు చెబుతారు.

మా వైపు ఇంకో మత్తు సంగతి ఉంది. కల్లులో ఆల్‌ప్రజోలం, డయాజిపాం లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ప్రభుత్వం కట్టడి పెట్టినప్పుడు, అది దొరక్క వణుకు, ఫిట్లు, పొంతన లేని మాటలతో జనం ఆస్పత్రులకు పరుగెత్తారు. మాటలు వినబడుతున్నాయన్న ప్రతి మనిషినీ ఏం తాగుతున్నావు, ఎప్పుడు మానావు అని అడగాలని నేను అప్పుడు నేర్చుకున్నాను. తాగుడు ఆపడం వల్ల వచ్చిన మతిభ్రమణకు వైద్యం వేరు, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

వెన్నెల_నీడ
సీమ_నుంచి గారూ, గంజాయి ఎందుకు తాగుతున్నాడో అడిగారా అన్నది నా ప్రశ్న. నాతో పాటు వార్డులో ఉన్న అబ్బాయి నలుగురిలోకి వెళ్లాలంటే ఒళ్లంతా చెమటలు పట్టేవాడు. ఆ భయం సైకోసిస్ కంటే ముందే, చిన్నప్పటి నుంచీ ఉంది. గంజాయి తాగితే ఒక గంట ధైర్యంగా ఉండేదట. ఆ భయానికి వైద్యం చేయకుండా గంజాయి మానమంటే ఎలా మానగలడు?

సీమ_నుంచి
ఆ కోణం నేను ఆలోచించలేదు. అయినా ముందు మానిపించడమే ముఖ్యమని నా అభిప్రాయం.

లెస్టర్_లలిత
నేను ఇంగ్లండులో మానసిక ఆరోగ్య బృందంలో పనిచేస్తున్నాను. "ముందు అది మాని రండి, ముందు ఇది తగ్గించుకుని రండి" అన్న తిప్పుడు ఇక్కడా ఉండేది. సైకోసిస్‌తో పాటు మత్తు అలవాటు ఉన్నవారి గురించి 2011లో ఇక్కడ వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకం ఇచ్చింది. మత్తు వాడుతున్నాడన్న కారణంతో మానసిక వైద్యం నిరాకరించకూడదు, సైకోసిస్ ఉందన్న కారణంతో మత్తు మానిపించే వైద్యం నిరాకరించకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. ఆచరణలో ఇంకా లోపాలు ఉన్నాయి, కానీ కనీసం చూపించి అడగడానికి ఒక కాగితం ఉంది. మీ ఊళ్లో రెండు తలుపులూ మూస్తే, మత్తు విభాగం, మానసిక విభాగం ఒకే ఆవరణలో ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో మత్తు అలవాట్లకు ప్రత్యేక విభాగమే ఉంది.

కర్నూలు_వకీలు
ఇంట్లోవాళ్లు గంజాయి మాట డాక్టరుకు చెప్పకపోవడానికి పోలీసుల భయమే పెద్ద కారణం. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన మనిషి, వాడకం నేరం గానీ కొద్ది పరిమాణానికి సంబంధించిన నేరం గానీ మోపబడినప్పుడు, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట వైద్యానికి ఒప్పుకుని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. డాక్టరుతో నిజం చెప్పినందుకు కేసు పెడతారని భయపడనక్కర లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అందులో 21వ సెక్షన్ చెబుతుంది. రోగిని గొలుసులతో కట్టడం 95వ సెక్షన్ ప్రకారం నిషేధం. 2001లో తమిళనాడు ఏర్వాడిలో ఆశ్రమానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. ఇది తెలిసి కూడా మనవాళ్లు ఇంకా అలాంటి చోట్లకు పిల్లల్ని తీసుకెళ్లడం నాకు తీరని బాధ.

ఉత్తరాంధ్ర_అమ్మ
కట్టడం అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయిని మొదటిసారి ఆస్పత్రిలో చేర్చినప్పుడు నలుగురు పట్టుకుని ఇంజక్షన్ ఇచ్చారు, మణికట్టు మంచానికి కట్టారు. జబ్బు తగ్గిన తరువాత కూడా తెల్లకోటు కనిపిస్తే గుండె దడదడలాడుతుంది, రాత్రుళ్లు అదే కలగని లేచి కూర్చుంటుంది. ఓపీకి రమ్మంటే బాత్‌రూములో గడియ పెట్టుకుంటుంది. అందరూ అనుమానం మళ్లీ మొదలైందన్నారు. తల్లిని, నాకు తెలుసు, అది అనుమానం కాదు.

వార్డు_దీపం
అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. సైకోసిస్ అనుభవమూ, దాని వైద్యం జరిగిన తీరూ కలిసి గాయంలా మిగిలిపోవడం ఉంది. మొదటిసారి సైకోసిస్ వచ్చినవారిలో ముగ్గురిలో ఒకరి దాకా ఇలాంటి రుగ్మత కనిపిస్తుందని అధ్యయనాల సమీక్ష ఒకటి చెబుతోంది. దీనికి మాట ద్వారా చేసే వైద్యం ఉంది, సైకోసిస్ ఉన్నవారికీ దాన్ని జాగ్రత్తగా చేయవచ్చు. ఓపీకి బదులు మొదట్లో వీడియో ద్వారా మాట్లాడించండి, మహిళా డాక్టరును అడగండి, ఏ పని చేసినా ముందుగా చెప్పి చేయమనండి. కోలుకున్న తరువాత, మళ్లీ అవసరమైతే తనకు ఎలాంటి వైద్యం చేయాలో, ఏది చేయకూడదో ముందే రాసి పెట్టుకునే హక్కు కూడా 2017 చట్టం ఇచ్చింది. తనకు ఇష్టం లేని పని ఏదని అడిగి రాయించుకుంటే మీ అమ్మాయికి కొంత ధైర్యం వస్తుంది.

ఉత్తరాంధ్ర_అమ్మ
ఇన్నాళ్లకు ఒకరు నా మాట నమ్మారు. వకీలు గారూ, ఆ పత్రం ఎలా రాయాలో విడిగా చెప్పగలరా?

కర్నూలు_వకీలు
తప్పకుండా అమ్మా. మేజరైన వారెవరైనా రాయవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకం, నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందని డాక్టరు ధ్రువీకరణ కావాలి. తన తరఫున మాట్లాడేందుకు ఒకరిని ప్రతినిధిగా కూడా నియమించుకోవచ్చు. నమూనా ఇక్కడే కొత్త అంశంగా పెడతాను.

డల్లాస్_పద్మ
అమెరికాలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదవాలి. ఇక్కడ 2010 తరువాత, మొదటిసారి సైకోసిస్ వచ్చినవారి వైద్యం మీద రైజ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 21 రాష్ట్రాల్లో 34 కేంద్రాలు, 404 మంది యువకులు పాల్గొన్నారు. లక్షణాలు మొదలైన నాటి నుంచి సరైన వైద్యం అందే నాటికి సగం మందికి 74 వారాలు లేదా అంతకంటే ఎక్కువే గడిచిపోయాయని అందులో తెలిసింది. జీవితంలో ఏదో ఒక దశలో మత్తు పదార్థాల సమస్య ఉన్నవారు వారిలో దాదాపు సగం మంది. మందు, కౌన్సెలింగ్, కుటుంబానికి శిక్షణ, చదువు ఉద్యోగాల్లో సాయం, ఇవన్నీ ఒకే బృందం ఇస్తే మామూలు వైద్యం కంటే మెరుగ్గా ఉంటుందని కూడా తేలింది. అలాంటి కేంద్రాలు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. వీసా పోతుందన్న భయంతో దాచిపెట్టి, ఇంటికి వెళ్లాక చూద్దామని నెలలు గడిపేవారిని చూస్తున్నాను. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రానికి, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చెబితే వైద్య కారణంతో చదువు భారం తగ్గించుకునే వీలు ఉంది.

కాకినాడ_బాబాయ్
ఇన్ని చదివాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా పక్కింట్లో ఇలాంటి అబ్బాయికి పెళ్లి చేశారు, బాధ్యత వచ్చి కుదురుకున్నాడు. దాన్ని కూడా ఆలోచించండి.

వెన్నెల_నీడ
బాబాయ్ గారూ, ఆ ఇంటికి వచ్చిన అమ్మాయి ఎలా ఉందో కూడా అడగండి. చెప్పకుండా చేసిన పెళ్లి రెండు జీవితాల మీద బరువు పెడుతుంది. కోలుకుని, అన్నీ చెప్పి, ఇష్టపడి చేసుకున్నవారు ఉన్నారు, అది వేరే సంగతి.

పెన్నా_అక్క
డాక్టరు దగ్గరకు వెళ్లి వచ్చాం. కాగితం తీసుకెళ్లాను. ఈసారి ఆయన పూర్తిగా చదివారు. కాళ్ల బాధ మందుదేనని చెప్పి మోతాదు తగ్గించారు, తోడుగా ఇంకో మాత్ర కొన్ని వారాలకు ఇచ్చారు. మా ముందు కాకుండా తమ్ముడితో విడిగా మాట్లాడారు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందని వాడు ఆయనతో ఒప్పుకున్నాడు. ఇంట్లో మందులు నా దగ్గరే ఉంచమన్నారు, వాణ్ని ఒంటరిగా వదలవద్దన్నారు, వారం తిరక్కుండా మళ్లీ రమ్మన్నారు. డిప్రెషన్ ఉందని రాశారు. ఓసీడీ సంగతి కాళ్ల బాధ తగ్గాక చూస్తామన్నారు. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా రాశారు.

నాన్న బయటికి వచ్చాక తమ్ముడితో "అప్పు సంగతి నాది, నీది కాదు" అని ఒక్క మాటే అన్నారు. గంజాయి విషయం ఇంకా తేలలేదు. వాడు మానతానని చెప్పలేదు, తగ్గిస్తానన్నాడు.

పీజీ_రెండో_ఏడు
తగ్గిస్తానన్న మాటను పట్టుకోండి, దాని మీద గొడవ పెట్టుకోవద్దు. మీ తమ్ముడు చాలా పెద్ద విషయం బయటపెట్టాడు. రాత్రిపూట ఆలోచనలు ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. ప్రమాదం అనిపిస్తే ఫోన్ కోసం ఆగకుండా దగ్గరలోని అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఎర్రమట్టి
అక్కా, మందు తగ్గించి మేలు చేయడం కూడా ఉంటుందని మీ ఉత్తరం చూశాక మా పెదనాన్నతో మాట్లాడాను. మా వాడి చీటీ మొత్తం ఒకసారి కొత్త డాక్టరుకు చూపించడానికి ఒప్పుకున్నారు. ఏ మందు ఎందుకు మొదలైందో తేదీలతో రాస్తున్నాను.

మందుల_చీటీ
ఎర్రమట్టి గారూ, పాత చీటీలన్నీ వరుసలో పెట్టుకుని వెళ్లండి, ఒక్కటి కూడా పారేయవద్దు. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపవద్దు. మొదటిసారి సైకోసిస్ వచ్చి తగ్గినవారిని అయిదేళ్లపాటు గమనించిన న్యూయార్క్ అధ్యయనం 1999లో వచ్చింది. మందు మానినవారిలో తిరగబెట్టే ముప్పు దాదాపు అయిదు రెట్లు ఉందని అది చెప్పింది. ఇంకొకటి, మీ అన్నయ్య సిగరెట్లు తాగుతారా? ఓలాంజపిన్, క్లోజపిన్ వాడేవారిలో పొగ ఆ మందుల స్థాయిని రక్తంలో తగ్గిస్తుంది. హఠాత్తుగా పొగ మానితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. గోదారి_గట్టు గారూ, మీకూ ఇది వర్తిస్తుంది. ఓసీడీకి ఫ్లువోక్సమిన్ రాస్తే క్లోజపిన్ స్థాయి బాగా పెరుగుతుంది కాబట్టి ఆ రెండూ ఒకే చీటీలో కనిపిస్తే డాక్టరును తప్పక అడగండి.

గోదారి_గట్టు
మా వాడు పొగ మానాలని ఈమధ్యే అనుకుంటున్నాడు. ముందుగా డాక్టరుకు చెప్పి మానిపిస్తాం.

పెన్నా_అక్క
కాలేజీ వాళ్లు హాజరు తక్కువైందని ఉత్తరం పంపారు. తమ్ముడు అది చూసి మళ్లీ ముడుచుకుపోయాడు. ఏడాది విరామం అడగాలంటే జబ్బు పేరు రాయాల్సిందేనా?

కర్నూలు_వకీలు
జబ్బు పేరు మొత్తం రాయనక్కర లేదు. వైద్య కారణాల వల్ల విశ్రాంతి అవసరమని, ఫలానా తేదీ దాకా హాజరు కాలేడని డాక్టరు సంతకంతో ఇస్తే ముందు అది చాలు. మానసిక జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు చట్టంలో ఉంది. దరఖాస్తు కాపీ మీద కాలేజీ ముద్ర వేయించుకుని దాచుకోండి.

వెన్నెల_నీడ
నేను తిరిగి చేరినప్పుడు మొదటి సెమిస్టరులో తక్కువ సబ్జెక్టులే తీసుకున్నాను. పొద్దున్న మందు మత్తు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ల్యాబులు ఎంచుకున్నాను. హాస్టల్ బదులు మొదట్లో ఇంటి నుంచి వెళ్లడం మంచిది. మీ తమ్ముడికి ఇష్టమైతే నాతో ఇక్కడే విడిగా మాట్లాడమనండి, నేను రాత్రి తొమ్మిది దాటాక చూస్తాను.

వార్డు_దీపం
అక్కా, వచ్చే వారం వెళ్లినప్పుడు బరువు, నడుము కొలత, రక్తంలో చక్కెర, కొవ్వు, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్షల సంగతి కూడా అడగండి. ఈ మందులతో అవి మారుతుంటాయి, మొదట్లోనే రాసి పెట్టుకుంటే తరువాత పోల్చుకోవచ్చు. కాగితంలో ఈ వారం కాళ్లు ఎలా ఉన్నాయో, తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోందో కూడా చేర్చండి.